పొయ్యి ముందు మసిచుక్క

కిన్నెకుల్లె,
28 ఏప్రిల్ 1994, గురువారం

మైలిస్‌కి,

అందుకే అంటాను, చదువుకున్నవాళ్ళని వంటింట్లోకి రానివ్వకూడదని. వాళ్ళు కుర్చీలో కూర్చోరు. కాఫీ పోసి, దాల్చినచెక్క రొట్టె ముందు పెట్టి, వానల గురించి మనం ఇంకా మొదలుపెట్టనే లేదు, అప్పటికే నేలమీద మోకాళ్ళ మీద ఉంటారు. ఈవిడైతే ఏకంగా పొయ్యి ముందు బోర్లా పడుకుంది. జేబులోంచి భూతద్దం తీసి ఆ మచ్చని చూస్తూ పావుగంట లేవలేదు. నువ్వు వెళ్ళాక ఆ నేల సరిగ్గా కడిగింది లేదు. నాకు సిగ్గేసి, "అది కాఫీ మరకమ్మా, పాతది" అన్నాను.

"ఎంత పాతది?" అంది తలెత్తకుండానే.

"మా ఆవిడ లెక్కలో డెబ్భయ్యో సంవత్సరానిది."

"నా లెక్కలో నలభై ఏడు కోట్ల ఏళ్ళ నాటిది" అంది.

నీ లెక్కతో పోటీకి వచ్చిన మనిషిని మొదటిసారి చూశాను.

క్రిస్మస్ కార్డు మీద పేరు తప్ప ఇంకేమీ రాయని మనిషి, ఐదేళ్ళ తర్వాత ఇప్పుడు మచ్చ గురించి కాగితాలు నింపుతున్నాడేమిటని నువ్వు అనుకుంటూ ఉంటావు. పని ఉండే రాస్తున్నాను. చివర్లో చెబుతాను.

ఈవిడ పేరు టోరా. లుండ్ యూనివర్సిటీ నుంచి వచ్చింది, రాళ్ళ చదువు. ముప్ఫై అయిదు ఉంటాయేమో, మగవాళ్ళ బూట్లు వేసుకుంటుంది. మంచు కరిగినప్పటి నుంచి వారానికి రెండు రోజులు మా క్వారీకి వస్తోంది. మేం కోసి పంపే రాళ్ళ వైపు కన్నెత్తి చూడదు. పారేసిన గుట్ట మీదే తిరుగుతుంది. మొదటి రోజు హోల్గర్ నా చెవిలో, "ఏరా, ఈవిడ ఏదైనా పోగొట్టుకుందా?" అన్నాడు.

పోగొట్టుకున్నది మనమేనట. మా పని నీకు తెలిసిందే కదా. రాతిపలక రంపం కింద నుంచి బయటికి రాగానే నీళ్ళు కొట్టి చూస్తాను. ఎర్రటి రాతిలో నల్లగా మసిచుక్క, దాని చుట్టూ బూడిదరంగు వలయం కనబడితే సుద్దతో ఇంటూ గుర్తు గీస్తాను. హోల్గర్ దాన్ని బండితో ఎత్తి గుట్ట మీద పోస్తాడు. మా నాన్న గీశాడు, నేను గీస్తున్నాను. కొనేవాళ్ళకి మచ్చలేని నేల కావాలి మరి. ఇంటూ రాళ్ళని పనివాళ్ళు ఇంటికి తీసుకుపోవచ్చు కాబట్టి మన కొండ మీద ఏ వంటిల్లు చూసినా, ఏ పాకీదొడ్డి దారి చూసినా ఇంటూ రాళ్ళే.

ఆ మసిచుక్కలు ఆకాశం నుంచి పడిన రాళ్ళట. ఇక్కడంతా సముద్రం ఉన్న రోజుల్లో పడ్డాయట. భోజనాల గదిలో ఆవిడ ఈ మాట చెప్పినప్పుడు బఠాణీలు నములుతున్న వాళ్ళంతా ఆగిపోయారు. గురువారం కదా, ఎప్పటిలాగే బఠాణీ సూపు. హోల్గర్ చెంచా కింద పెట్టి, "అంటే నేను ముప్ఫై ఏళ్ళుగా ఆకాశాన్ని ఎత్తి గుట్ట మీద పోస్తున్నానన్నమాట. అందుకే ఈ నడుంనొప్పి" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను గానీ, నా కుడిచెయ్యి అప్పుడే బల్ల కిందికి పోయింది. ఇంటూలు గీసే చెయ్యి అది.

ఇక అసలు సంగతి. మన పొయ్యి ముందున్నది అరచేయంత ఉంది. ఇంత పెద్దది ఇంతవరకూ తనకి దొరకలేదట. కోసి ఇస్తే లుండ్ తీసుకెళతానంది. "మీరు ఒక్క సంతకం చేస్తే చాలు" అంది. ఇంటికి ఇద్దరు యజమానులున్నారని చెప్పాను. ఉన్నారు కదా. విడిపోయామని మనం ఏ కాగితం మీదా రాసుకోలేదు. నువ్వు వెళ్ళావు, అంతే.

అందుకని అడుగుతున్నాను. ఇవ్వమంటావా, వద్దంటావా? ఆ చోట నిలబడి పందొమ్మిదేళ్ళు వండినదానివి. కార్డు మీద ఒక్క ముక్క రాసి పంపు.

కొండ మీద అడవి వెల్లుల్లి వాసన మొదలైంది. చేపల ఫ్యాక్టరీలో నీకు ఇంకే వాసనా తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఎవర్ట్

*

కిన్నెకుల్లె,
15 మే 1994, ఆదివారం

మైలిస్‌కి,

కార్డు అందింది. బొమ్మలో పడవలు బాగున్నాయి. వెనక నువ్వు రాసింది చదవడానికి పట్టిన సేపు కన్నా కళ్ళజోడు వెతకడానికి ఎక్కువ సేపు పట్టింది. "ఇచ్చెయ్. నాకేం అభ్యంతరం లేదు. మైలిస్." అంతే. సంతకంతో కలిపి ఐదు మాటలు. ఏడేళ్ళ బడి చదువు నాది, అయినా అంతకన్నా పొడుగ్గా రాయగలను, నువ్వే చూస్తున్నావు కదా.

టోరా రెండుసార్లు అడిగింది, మీ ఆవిడ జవాబు వచ్చిందా అని. రాలేదని చెప్పాను. అబద్ధమే. ఎందుకు చెప్పానో రాద్దామని కూర్చున్నాను. దానికన్నా ముందు అది రాతిలో ఎలా మిగిలిందో చెప్పాలి, ఎందుకంటే అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

పైన ఎక్కడో రెండు పెద్ద రాళ్ళు గుద్దుకున్నాయట. ఆ ముక్కలు లక్షల ఏళ్ళపాటు భూమి మీద పడుతూనే ఉన్నాయట. మన ముక్క సముద్రంలో పడి అడుగుకి పోయింది. అప్పట్లో అడుగున బురద పేరుకోవడం మహా నెమ్మది, వెయ్యేళ్ళకి గోరు మందం. కాబట్టి అది పడీ పడగానే ఎవరూ కప్పలేదు. ఎన్నివేల ఏళ్ళో అలా బయటే పడి ఉంది. పక్కనుంచి ఆ పొడుగుకొమ్ము పురుగులు ఈదుకుంటూ పోయాయి. మెట్లరాళ్ళలో కనిపిస్తాయే, నువ్వు క్యారెట్‌లంటావు, అవే. మెల్లగా బురద కప్పింది. బురద గట్టిపడి రాయయింది. కప్పబడి లోపలున్న రాయి మాత్రం నెమ్మదిగా కరిగిపోతూ వచ్చింది, కరిగినచోటికి సున్నం వచ్చి చేరింది. కరిగిన రాతిలోని ఇనుము చుట్టుపక్కల ఎరుపుని తినేసింది. ఆ బూడిద వలయం అదే.

"అంటే రాయి పోయి, రాయి ఉన్న చోటు మిగిలిందన్నమాట" అన్నాను.

"అలాగే అనుకోండి" అంది టోరా.

"అలాంటివి మా ఇంట్లో ఇంకా ఉన్నాయి, చూస్తావా?"

పాపం, గబగబా పుస్తకం తీసింది రాసుకోవడానికి. నేను చూపిద్దామనుకున్నది కిటికీ పక్కనున్న నీ కుర్చీని. ఏదో చెప్పి మాట మార్చాను.

ఒక్కటి మాత్రం మారదట. దాని లోపల ఇసుక రేణువంత నల్లటి గింజలుంటాయి. నలభై ఏడు కోట్ల ఏళ్ళు సముద్రంలో నానబెట్టు, కొండకింద నలగ్గొట్టు, వాటికేమీ కాదు. వీళ్ళు యాసిడ్‌లో వేసి మిగతాదంతా కరగ్గొట్టి, ఆ గింజలు తీసి చూసి, ఔను ఇది పైనుంచి వచ్చిందేనని తేలుస్తారు. "మిగతాదంతా మారిపోయినా, గింజలు చాలు" అంది టోరా. ఆ మాటకి నేను లేచి పొయ్యిలో కట్టె వేశాను, అప్పటికే నాలుగు మండుతున్నా.

ఇప్పుడు అసలు మాట. ఇది నువ్వు నిలబడి చదవకు, కూర్చో.

ఆ మచ్చ కాఫీది కాదని నాకు మొదటి నుంచీ తెలుసు. డెబ్భైలో ఆ పలక మోసుకొచ్చింది నేను, దాని వెనక ఇంటూ గీసింది కూడా నేనే. నువ్వు మచ్చల్లేని నేల కావాలన్నావు. అన్నీ ఏరి తెచ్చాను, ఒక్కటి తక్కువైంది. ఆ ఒక్కటీ ఇంటూ రాళ్ళలోంచి తెచ్చి, పొయ్యి నీడలో పెడితే తెలియదులే అనుకున్నాను. నువ్వు మొదటి శనివారమే పట్టుకున్నావు. "ఎవర్ట్, ఇక్కడ ఏం ఒలకబోశావు?" అన్నావు. నోటికి వచ్చిన మాట, "కాఫీ" అన్నాను. "తోమితే పోతుందిలే" అని కూడా అన్నాను.

మర్నాడే నిజం చెప్పాల్సింది. సోమవారం చెబుదామనుకున్నాను. ఈలోగా మళ్ళీ శనివారం వచ్చింది. నువ్వు పచ్చసబ్బు, కుంచె పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నావు, నేను గుమ్మంలో ఆనుకుని నిలబడ్డాను. నువ్వు తోముతూ తిట్టడం మొదలుపెట్టావు. మచ్చతో మొదలై, నా బూట్లు, మా అమ్మ, హోల్గర్ పెళ్ళిలో నేను పాడిన పాట, నువ్వు పదిహేనేళ్ళప్పుడు చూసిన సముద్రం, మనకి పిల్లలు లేకపోవడం, అన్నీ వచ్చాయి. వారమంతా మనం "ఉప్పు అందుకో" అని తప్ప మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను రంపం చప్పుడులోంచి వచ్చేవాణ్ణి, చెవులు మూసుకుపోయి ఉండేవి. ఆ శనివారం గంటసేపు నీ గొంతు వినబడింది. నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా మాట్లాడుతున్నావు, నేను జోకు వెయ్యకుండా వింటున్నాను. అది నాకు బాగుంది.

అంతే. అందుకే చెప్పలేదు. మచ్చ పోనిదని చెబితే నువ్వు తోమడం ఆపేస్తావు. పందొమ్మిదేళ్ళు నిన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. నీ ఎడమ మోకాలు వానాకాలంలో ఎందుకు నొప్పెడుతుందో నాకు తెలుసు. డాక్టరు అడిగినప్పుడు పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు.

ఇప్పుడు వద్దంటే చెప్పు. రాయి ఇవ్వను. లేదా ఇప్పటికీ ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను. తిట్టాలంటే తిట్టు, కానీ ఐదు మాటలకన్నా ఎక్కువ రాయి.

ఎవర్ట్

*

కిన్నెకుల్లె,
4 జూన్ 1994, శనివారం

మైలిస్‌కి,

మూడు వారాలైంది. జవాబు లేదు. పోస్టావిడ సైకిలు బెల్లు వినగానే గేటు దగ్గరికి పోవడం చూసి హోల్గర్, "ఏరా, లాటరీ ఏమైనా కొన్నావా?" అంటున్నాడు. ఔనన్నాను. వాడికి ఇప్పుడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు తప్ప ఏమీ పట్టదు కాబట్టి అక్కడితో ఆగింది. మన వాళ్ళు గెలుస్తారట. వీడు క్వారీ జట్టులో గోలు కీపర్‌గా నిలబడి బంతి ఎటు పోయిందో అడిగిన మనిషి.

నువ్వు నన్ను క్షమించవని అనుకుంటున్నాను. దానికి నేను ఏమీ అనను. అయితే పాపం చెప్పుకోవడం మొదలుపెట్టాక సగంలో ఆపడం బాగుండదు. ఇంకొకటి ఉంది. అది మచ్చకన్నా పెద్దది.

నువ్వు వెళ్ళిన రోజు. అక్టోబరు, ఎండ లేదు, ఆకులు తడిసి గుమ్మం ముందు అంటుకుని ఉన్నాయి. నీ గోధుమరంగు పెట్టె చేతిలో ఉంది. కుంగ్స్‌హామ్న్‌లో అక్క దగ్గరికి వెళుతున్నాను, అక్కడ ఫ్యాక్టరీలో పని దొరికింది, ఎన్నాళ్ళో తెలియదు అన్నావు. గడప మీద నిలబడ్డావు. ఎంతసేపు నిలబడ్డావో నాకు తెలుసు. గోడ గడియారం చప్పుడు లెక్కపెట్టాను, ఇరవై మూడు. నేనేదో అనాలి. నువ్వు దానికోసమే నిలబడ్డావు. నా కడుపులో ఒక మాట ఉంది, దవడ దాకా వచ్చింది. నోరు తెరిచాను. బయటికి ఏం వచ్చిందో నీకు గుర్తే. "తలుపు గట్టిగా వేసుకు వెళ్ళు, వేడి బయటికి పోతుంది."

నువ్వు గట్టిగా వేసుకు వెళ్ళావు.

ఊళ్ళో నన్ను అందరూ సరదా మనిషంటారు. పెళ్ళిళ్ళకి పిలుస్తారు, చావులకి కూడా పిలుస్తారు, కాస్త తేలికపడుతుందని. ఆ సరదా నాకెలా వచ్చిందో ఎవరూ అడగలేదు. మా నాన్న క్వారీలో చెయ్యి పోగొట్టుకుని ఇంటికొచ్చిన రోజు అమ్మ ఏడుస్తుంటే, నేను ఎనిమిదేళ్ళవాణ్ణి, "నాన్నకి ఇక ఒక గ్లవ్ చాలు" అన్నాను. అమ్మ నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. అప్పటి నుంచి ఎక్కడ నొప్పి పుడితే అక్కడ నా నోరు ఇలాగే పోతుంది. అది నేను చేసేది కాదు, అదే చేస్తుంది. ఉత్తరంలో అయితే పెన్ను ఆపి, జోకు కొట్టేసి, మళ్ళీ రాయగలను. ఈ పేజీలో మూడు కొట్టేశాను. వెలుతురుకి పట్టి చూస్తే కనబడతాయి, చూడకు.

ఐదేళ్ళుగా రాత్రి పడుకున్నాక ఆ గడప మీద నిన్ను నిలబెట్టి ఇంకో మాట అంటూ ఉంటాను. ఒక్కోరోజు ఒక్కో రకంగా. అన్ని రకాలూ బాగానే ఉంటాయి. అన్నిట్లోనూ నువ్వు పెట్టె కింద పెడతావు. పొద్దున లేచి కాఫీకి రెండు కప్పుల నీళ్ళు పెడతాను. రెండో కప్పు నేనే తాగుతాను. డాక్టరు వద్దంటాడు.

టోరాకి నిజం చెప్పేశాను, మా ఆవిడ ఎప్పుడో ఒప్పుకుందని. టోరా పుస్తకం తీసి తారీఖు రాసుకుంది. పద్ధెనిమిదో తారీఖున కోస్తాం. శనివారం. బయటివాళ్ళ చేత కోయించను, నేనే కోస్తాను. ఆ రాతిని పెట్టింది నేను, తీసేదీ నేనే.

అది నీ వంటిల్లు కూడా కాబట్టి తెలియజేస్తున్నాను. మీ దగ్గరి ఉద్దెవల్లా నుంచి పొద్దున్నే బయల్దేరే రైలు ఒకటుంది, రెండుసార్లు మారాలి, మన స్టేషనులో పదకొండుకి ఆగుతుంది. తిరుగు రైలు సాయంత్రం నాలుగూ నలభైకి. నేను రమ్మని అనడం లేదు. రైళ్ళ వేళలు మారాయి, అంతే, నీకు తెలియవేమోనని.

ఎవర్ట్

తా.క. రమ్మనే అంటున్నాను.

*

18 జూన్ 1994, శనివారం
రంపం షెడ్డు

మైలిస్‌,

నువ్వు వంటింట్లో ఉన్నావు, నేను షెడ్డులో ఉన్నాను, మధ్యలో ఇరవై అడుగులు. ఇంత దగ్గరికి ఉత్తరం రాసే మూర్ఖుడు మన జిల్లాలో ఇంకొకడు ఉండడు. గుంతలో పెట్టడానికి రాయి వెతుకుతానని చెప్పి వచ్చాను. రాయి ఎప్పుడో దొరికింది. దానిమీదే కాగితం పెట్టి రాస్తున్నాను. ఇప్పుడు మూడు దాటి పావు.

జరిగింది నువ్వు చూసిందే, అయినా రాస్తున్నాను. రాస్తే గానీ నాకు అర్థం కాదు.

పదకొండుకి నువ్వు రైలు దిగినప్పుడు నేను ప్లాట్‌ఫారం రెండో చివర ఉన్నాను. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నావు. కుంటుతున్నావు, ఎడమకాలు. నన్ను చూసి, "సన్నబడ్డావు" అన్నావు. నేను, "వెల్లుల్లి తింటున్నాను, ఎవరూ దగ్గరికి రారు" అన్నాను. నువ్వు నవ్వలేదు.

ఇంట్లో టోరా, హోల్గర్ ముందే ఉన్నారు. నువ్వు గుమ్మంలోకి రాగానే నేల వంక చూసి, "ఇదేనా నేల? పశువులు తిరిగాయా?" అన్నావు. టోరా ఎక్కడ నిలబడాలో తెలియక పొయ్యి వెనక్కి పోయింది. హోల్గర్ మాత్రం, "మైలిస్, వీడు ఆకాశాన్ని కూడా కడగకుండా ఇచ్చేస్తున్నాడు" అన్నాడు. నువ్వు కోటు తీసి, కుర్చీకి తగిలించి, పచ్చసబ్బు ఎక్కడుందని అడిగావు. చెప్పక్కర్లేకపోయింది, దాని చోట్లోనే ఉంది. కుంచె తీశావు. "మోకాలు" అన్నాను. "నా మోకాలు నాకు తెలుసు" అన్నావు. మోకాళ్ళ మీద వంగి ఆ పలకని ఒకసారి తోమావు. తడవగానే మసిచుక్క నల్లగా, దాని చుట్టూ వలయం తెల్లగా లేచింది. టోరా పొయ్యి వెనక నుంచి ముందుకి వచ్చింది. నేను గుమ్మంలో ఆనుకుని నిలబడ్డాను. కావాలని కాదు, కాళ్ళే తీసుకెళ్ళాయి.

అప్పుడు నువ్వు, తల తిప్పకుండానే, అన్నావు: "డెబ్భై ఒకటిలోనే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇది కాఫీ కాదని. హోల్గర్ వాళ్ళావిడ వెండ్లా వంటింట్లో ఇలాంటివి మూడున్నాయి. హోల్గర్ తనకి మొదటి రోజే చెప్పాడట, ఇవి పోవు, ఊరికే తోమకు అని."

హోల్గర్ కప్పు పట్టుకుని బయటికి పోయాడు. వాడి జీవితంలో వాడు చేసిన తెలివైన పని అదొక్కటే.

"తెలిస్తే మరి ఎందుకు తోమావు?" అన్నాను.

నువ్వు కుంచె పక్కన పెట్టి, ఇటు తిరిగి, నన్ను చూశావు. "నువ్వు గుమ్మంలో ఎందుకు నిలబడేవాడివి?"

నా దగ్గర జవాబు ఉంది, అది మే నెల ఉత్తరంలో నీకు రాశాను కూడా. అది నోటితో అనేలోగా నువ్వే చెప్పావు. వారంలో ఆరు రోజులూ నేను ఆ షెడ్డులోనో, క్వారీలోనో ఉండేవాణ్ణి, ఒక్క శనివారం ఉదయం మాత్రం నీ వెనక గుమ్మంలో ఊపిరి వినబడేది. తోమడం ఆపితే నేను గుమ్మంలోంచి వెళ్ళిపోతానని నువ్వు భయపడ్డావు. ఇద్దరం ఒకే మచ్చని పందొమ్మిదేళ్ళు కాపాడాం, ఒకరికొకరం చెప్పకుండా.

అక్కడ నాకు నవ్వొచ్చింది. నువ్వు నవ్వలేదు. "ఎనభై ఎనిమిదిలో ఏమైందో గుర్తుందా?" అన్నావు.

గుర్తుంది. స్టాక్‌హోమ్‌లో ఎవరిదో పెద్ద హాలుకి నేల కావాలంటే శనివారాలు కూడా కోత పెట్టారు. పదకొండు నెలలు. ఎక్కువ పని ఉందని గర్వపడ్డాను కూడా.

"నేను తోముతూనే ఉన్నాను" అన్నావు. "గుమ్మంలో ఎవరూ లేరు. గోడకి తిట్టాను. తర్వాత ఒక శనివారం తోమలేదు. నువ్వు గమనిస్తావేమోనని చూశాను. మరుసటి వారం కూడా తోమలేదు. మూడు నెలలు, ఎవర్ట్. నేల ఇదిగో ఇప్పుడెలా ఉందో అలా అయింది. నువ్వు రోజూ దానిమీద నడిచి, సూపు తాగి, పడుకున్నావు."

"తలుపు మాటకి కాదా నువ్వు వెళ్ళింది?" అన్నాను.

"ఏ తలుపు?"

"వేడి బయటికి పోతుంది, గట్టిగా వెయ్యి అన్నానే."

"ఏదో అన్నావు. నువ్వు ఏదో ఒకటి అంటావని తెలుసు. దానికేముంది" అన్నావు. "నీ ఉత్తరంలో చదివేదాకా అది గుర్తే లేదు."

ఐదేళ్ళు నేను మోసింది ఆ మాటని. ఇంటూ తప్పు పలక మీద గీశాను, మైలిస్. మంచి పలకని పారబోస్తూ వచ్చాను, మచ్చ ఇంకోదాని మీద ఉంది.

తర్వాత రంపం తిప్పాను. నీళ్ళు పోసింది నువ్వే. నాలుగు వైపులా కోత దింపి, ఉలి పెట్టి, టోరా, నేను ఎత్తాం. వెనక ఇంటూ ఉంది, సుద్ద కొంచెం కూడా చెదరలేదు. టోరా దాన్ని దుప్పట్లో చుట్టి పసిపిల్లని ఎత్తుకున్నట్టు కారులోకి తీసుకెళ్ళింది. వెళుతూ వెళుతూ నీ చెయ్యి పట్టుకుని, "పందొమ్మిదేళ్ళు మీరు రుద్దకపోతే ఇంత స్పష్టంగా కనబడేది కాదు" అంది. ఆవిడ మర్యాదకి అన్నదని తెలుసు. నువ్వు ఎర్రబడ్డావు. హోల్గర్ ఆటకి వేళైందని పోయాడు. ఆట రేపు.

ఇప్పుడు వంటింట్లో పొయ్యి ముందు గుంత. నువ్వు దాని అంచున నిలబడి, "ఇక్కడేం పెడతావు?" అన్నావు. నేను, "చాప" అన్నాను. చూశావా, మళ్ళీ అదే. నువ్వు కిటికీ వైపు తిరిగావు. గడియారం చూసుకున్నావు. నేను రాయి తెస్తానని ఇటు వచ్చాను.

నేను తెచ్చేది మచ్చలేని రాయి. మన మధ్య మాట్లాడుకోవడానికి ఇక ఏ సాకూ ఉండదు. అది నాకు భయం. శనివారాలు నేను ఊరికే గుమ్మంలో నిలబడాలి, నువ్వు ఊరికే మాట్లాడాలి, ఇద్దరం మొహాలు చూసుకుంటూ. అది నాకు చేతకాదు, నేర్చుకోవాలి. యాభై నాలుగేళ్ళు వచ్చాయి, కొంచెం ఆలస్యమే. కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ నాలుగింటికే ఇంటికి వస్తాను, శనివారాలు పనికే పోను, ఫోర్‌మన్‌కి నిన్ననే చెప్పాను. నువ్వు వస్తావో రావో తెలియకుండానే చెప్పాను.

కుంగ్స్‌హామ్న్‌లో నీ పని, నీ గది, నీ అక్క ఉన్నారు. వాటిని వదిలి రమ్మనడం న్యాయం కాదని తెలుసు. కావాలంటే నేనే వస్తాను, అక్కడ డబ్బాల్లో చేపలు సర్దడం నేర్చుకుంటాను. ఏదైనా సరే. నేను అడగాల్సింది ఒక్కటే, ఆ రోజు గడప మీద దవడ దాకా వచ్చి ఆగిపోయింది, అది ఈ కాగితం మీద రాసి నీ కోటు జేబులో పెడదామనుకున్నాను. నీకు అందేసరికి రైలు కదిలిపోయి ఉంటుంది. పిరికివాడి పద్ధతి. అయినా రాస్తాను, మైలిస్, నువ్వు

పిలుస్తున్నావు. "ఎవర్ట్, రాయి వెతుకుతున్నావా, తవ్వుతున్నావా? కాఫీ చల్లారిపోతోంది" అంటున్నావు. ఇంకోసారి పిలిచావు. గుమ్మంలోంచి, ఇటు చూస్తూ. ఈ కాగితం ఇక్కడే రంపం బల్ల మీద వదిలేసి వస్తున్నాను. ఆ మాట నోటితోనే అంటాను, నువ్వు కోటు తొడుక్కునేలోగా, నవ్వకుండా, నీ మొహం చూస్తూ, నేను నిన్ను —